జొన్నబీరుకు బోణి

పోయిన ఎండాకాలం మా ఆయన చీకటి పడకముందే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నా కష్టాలు అప్పటినుంచే.

నిజానికి పెళ్ళయిన నాటినుంచి నేను దేవుడిని అడిగింది ఇదొక్కటే. తాండూరులో బండల పాలిష్ యూనిట్ నుంచి బయటపడ్డ మనిషి నేరుగా ఇంటికి రావాలి, మధ్యలో యాదమ్మ వదినె కల్లు దుకాణం దగ్గర ఆగకూడదు. ఇన్నేళ్ళూ వినిపించుకోని దేవుడు శివరాత్రి వెళ్ళిన వారానికి ఒక్కసారిగా విన్నాడు. కామెర్లు వచ్చి, కళ్ళు పసుపు పూసినట్టయి, పొట్ట ఉబ్బి ఆసుపత్రిలో పడ్డాడు మా ఆయన శ్రీశైలం. డాక్టరు ఆయన వైపు చూడనైనా చూడలేదు. చెప్పాల్సిందంతా నాకే చెప్పాడు.

"లివర్ సగం పోయిందమ్మా. మిగిలిన దాంతో బతకొచ్చు. కానీ ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. ముట్టాడంటే ఇక నా దగ్గరికి తీసుకురావద్దు."

ఆ చుక్క అన్న మాట మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీయే నడిచింది.

"చుక్క అంటే మందుచుక్క. విస్కీ, బ్రాందీ గసుంటియి. కల్లు ఆ లెక్కల రాదు కరుణా. చెట్టు పాలు గవి."

"పాలే గావాలెనంటే బర్రె కింద కూసో."

"కిడ్నీల రాళ్ళు కరుగుతయంటరు కల్లుకు."

"నీ కిడ్నీల రాళ్ళు లెవ్వు. ఉన్నయన్ని నీ తలకాయలనే ఉన్నయ్."

వాదించాడు గానీ ముట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో పక్క మంచం మీది మనిషిని తెల్లగుడ్డ కప్పి తీసుకుపోవడం చూశాక ఆయనకూ భయం పట్టుకుంది. యూనిట్లో ఆయన పక్క మిషన్ మీద పనిచేసే కరీముద్దీన్ రోజూ తన బండి మీద ఎక్కించుకొచ్చి మా గుమ్మంలో దించేవాడు. కరీం భాయ్ జన్మలో కల్లు ముట్టలేదు. అయినా ఇన్నేళ్ళూ స్నేహితుడి కోసం ఆ దుకాణం గేటు బయట గుగ్గిళ్ళు తింటూ కూర్చున్నవాడే.

"ఇగో వదినమ్మా, నీ సామాను. జర చూసుకో," అని దించి పోయేవాడు.

ఆ సామానుతో ఏం చేసుకోవాలో నాకు తెలిస్తే కదా! నేను పెద్దేముల్‌లో అంగన్‌వాడీ టీచర్‌ని. పొద్దంతా ముక్కులు తుడిచి, గుడ్లు తినిపించి, ఒకడు ఏడిస్తే వాడిని చూసి ఏడ్చే మరో నలుగురిని సముదాయించి, షేర్ ఆటోలో కుక్కుకుని ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తే, వంటింటి గడప మీద ఈయన. గడప దిగడు, లోపలికి రాడు. అక్కడే కూర్చుని నా చేతుల వైపు చూస్తుంటాడు.

"ఉప్పు ఇప్పుడే ఏస్తున్నవా?"

"ఏస్తున్న."

"పప్పు ఉడికినంక ఏస్తె మంచిగుంటది గద?"

కుక్కరు కూత వేస్తే లెక్కపెట్టేవాడు. కందిపప్పు డబ్బా, శనగపప్పు డబ్బా ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి, పొడుగు ప్రకారం సర్దానని చెప్పేవాడు. తోమిన గిన్నెలు మళ్ళీ తోమేవాడు. మజ్జిగ గ్లాసు ఇస్తే వెంటనే తాగడు. ముందు వాసన చూస్తాడు, నాలుక కొసకు తాకిస్తాడు, కళ్ళు మూసుకుంటాడు.

"ఇది పొద్దటి మజ్జిగ గాదు. నిన్నటిది గిండ్ల కలిపినవ్."

కలిపిన మాట నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండేది. మంచినీళ్ళు తాగినా అంతే. కొత్త కుండ కొన్నప్పుడు మట్టి వాసన మూడు రకాలుగా ఉంటుందని నాకు ఉపన్యాసం ఇచ్చాడు. యాదమ్మ దుకాణం బల్ల మీద కూర్చుని ఏ లొట్టి కుండలో కల్లు ఎంత పులిసిందో, ఏ చెట్టుదో చెప్పిన నాలుక అది. ఇప్పుడు పనిలేక నా వంట మీద పడింది.

మా బిడ్డ అంజలి వికారాబాద్‌లో డిగ్రీ చదువుతుంది, రోజూ రైల్లో పోయివస్తుంది. ఒక రోజు మా గొడవ విని విని, పుస్తకం మూసి, "అమ్మా, నాన్నను మల్ల దుకాణంకే పంపియ్యరాదే," అంది. నవ్వులాటకే అంది. నేను మాత్రం గరిటె ఎత్తాను.

ఇట్లా ఉండగా ఒక సాయంత్రం యాదమ్మ కొడుకు శ్రీహరి మా ఇంటికొచ్చాడు.

వాడు వచ్చిన పని చెప్పాలంటే ముందు బోణి సంగతి చెప్పాలి. ఏటా తాటికల్లు మొదటి లొట్లు దిగిన రోజు, మా ఆయన మొదటి గుక్క తాగేదాకా యాదమ్మ వదినె ఎవరికీ పోసేది కాదు. ఎప్పుడో ఒక ఏడు అనుకోకుండా ఈయన బోణి చేశాడట, ఆ ఏడు చెట్లు విరగబడి కల్లు పారాయట. అప్పటినుంచి శ్రీశైలం చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. యూనిట్లో ఈయన పదిమందిలో ఒకడు. అన్నదమ్ముల మధ్య ఈయన సలహా అడిగినవాడు లేడు. ఇంట్లో, దాచుకోవడం ఎందుకు, నా మాటే నడుస్తుంది. ఏడాదిలో ఆ ఒక్క రోజు మాత్రం దుకాణం నిండా జనం నోరెండబెట్టుకుని ఈయన కోసం ఎదురుచూసేవాళ్ళు. "తాగి పేరు తెచ్చుకున్నోడివి నువ్వొక్కనివే," అని నేను ఏటా ఎత్తిపొడిచేదాన్ని. ఏటా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు.

కామెర్లు వచ్చిన ఆ ఏడు బోణి రోజుకు ఈయన ఆసుపత్రిలో ఉన్నాడు. బోణి ఎవరో చేశారు. మండే ఎండలకు చెట్లు సరిగా పారలేదు. ఎండల సంగతి ఎవరికీ తట్టలేదు. చెయ్యి మారింది, అందుకే అన్నారు.

శ్రీహరి చెట్టెక్కనని చిన్నప్పుడే తెగేసి చెప్పి, హైదరాబాద్ పోయి హోటల్ చదువు చదివి, అక్కడే బీరు కాచే చోట పనిచేసి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి వికారాబాద్‌లో అనంతగిరి రోడ్డు మీద సొంతంగా బీరు కాచి అమ్మే దుకాణం పెడుతున్నాడు. మా ఆయనకు యాదమ్మ అక్క వరస కాబట్టి ఈయన వాడికి మామ, నేను అత్తను.

"జొన్నబీరు మామా," అన్నాడు శ్రీహరి కుర్చీ ముందుకు లాక్కుంటూ. "మన దిక్కు జొన్నలే. జర తాటిబెల్లం పడుతది. ఏడాది సంది మస్తు తీర్ల చేసి చూసిన. గిప్పుడు కుదిరింది. మన దుకాణంల కల్లు తాగినోళ్ళు తాగి, గిది గూడ మనదే అనాలె."

"నురగ ఎట్లుంటది?" అన్నాడు మా ఆయన.

అడిగిన తీరుకు నేను తిరిగి ఆయన ముఖంలోకి చూశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"దగ్గరగుంటది మామా. జల్ది కూలది. మిరుగు కార్తెకు ముంగటి ఐతారం తెరుస్తున్నం. తొలి గ్లాసు నువ్వే తాగాలె. నువ్వు రాకుంటే తాళం తియ్యనియ్యనంటున్నది అమ్మ."

"శ్రీహరీ, డాక్టర్ ఏమన్నడో నీకు ఎరుకనేనా?" అన్నాను.

"ఎరుకనే అత్తా. తాగుడెందుకు? పెదవి తడుపుతే చాలు."

"గంతే గద," అన్నాడు మా ఆయన వెంటనే. "పెదవి తడుపుతే చాలు."

ఆ రోజు మొదలు మా ఇంట్లో అదే మంత్రం. స్నానానికి పోతూ పెదవి తడిపితే చాలు, అన్నం ముందు కూర్చుని పెదవి తడిపితే చాలు. బీరు వేరు, మందు వేరు. జొన్నలు తింటే బలమని నువ్వే అంగన్‌వాడీల చెప్తవు గద! పెదవి తడిపి ఆగగలిగే మనిషైతే మాకు ఈ గతి ఎందుకు పట్టేదో ఆ తలకు ఎక్కదు. పదేళ్ళ కిందట ఒట్టు పెట్టుకుని మూణ్ణెల్లు మానేసి, ఎవరి పెళ్ళిలోనో ఒక్క గుక్క తాగి, మర్నాటినుంచి రెండింతలు తాగిన మనిషి. ఆ సంగతి గుర్తుచేస్తే, "అప్పుడు వయసు వేరే," అన్నాడు. అవును, అప్పుడు లివర్ మొత్తం ఉంది.

ఆయనతో లాభం లేదని తేలి నేను యాదమ్మ వదినె దగ్గరికి పోయాను.

ఆ దుకాణం గేటు దాటి లోపలికి పోవడం నాకు అదే మొదటిసారి. మధ్యాహ్నం వేళ, జనం పల్చగా ఉన్నారు. గోడవారన ఇద్దరు ముసలమ్మలు ముంత మధ్యన పెట్టుకుని తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. వదినె నన్ను చూసి కొంగుతో బల్ల తుడిచింది.

"వచ్చినవా మరదలా? ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న లోపటికి రాలే నువ్వు. గేటు కాడ నిలవడి ఒర్రుడే."

"వదినె, నీకు దండం పెడ్త. మా ఆయనను పిలువకు."

ఆమె ముంతల మీద వాలుతున్న ఈగలను తోలింది.

"నా పెనిమిటి పోయినంక చెట్టెక్కెటోళ్ళు లేరు," అంది చివరకు. "కొడంగల్ దిక్కెల్లి ఒకాయన వస్తడు. ఆయనకు మోకాళ్ళు నొస్తయ్. గీ దుకాణం నాతోనే ఆఖరు. పోరగాడు ఏదో కొత్తది పెట్టిండు. గది నిలవకుంటే వాడు మల్ల పట్నం పోతడు, నేనొక్కదాన్ని గిక్కడ ఈగలు కొట్టుకుంట కూసుంట. నాకున్న ధైర్నం శ్రీశైలం చెయ్యొక్కటే."

"చెయ్యి గావాలెనా, మనిషి గావాలెనా నీకు?"

"రెండు గావాలె."

"ఒక్క గుటక లోపటికి పోతే మనిషి దక్కడు వదినె. గప్పుడు చెయ్యి మాత్రం ఏడికెల్లి వస్తది?"

వదినె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం తప్ప ఇంకేం రాలేదు. ఆమె మంచిది. ఆమె మీద అరిచే వీలు లేకపోవడం కూడా నాకు కోపమే.

"నేను పిలువ, తియ్," అంది. "పిలువకుంటే మాత్రం రాకుండ ఉంటడా? నీకెరుక, నాకెరుక."

ఇంటికొచ్చేసరికి ఆయన తెల్లచొక్కాకు ఇస్త్రీ చేస్తున్నాడు. ఐతవారానికి ఇంకా చాలా రోజులుంది.

ఇక మిగిలింది కరీం భాయ్. గుమ్మంలోనే ఆపి చెప్పాను. "నువ్వు గూడ వస్తున్నవు గద ఐతారం. గ్లాసు ఆయన నోటి దాక పోతే నువ్వు చెయ్యి పట్టుకోవాలె."

కరీం భాయ్ గడ్డం గోక్కున్నాడు. "వదినమ్మా, గంతమంది ముంగట దోస్తు చెయ్యి పట్టుకుంటే వాని ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోతే మల్ల వస్తది. పానం పోతే వస్తదా?"

బండి స్టాండు వేసి దిగాడు. "ఒక పని చేస్త. కాలు జారినట్టు చేసి వాని మీద పడ్త. గ్లాసు పగులుతది. నన్ను తిట్టుకుంటరు, గంతే గద. వానికి ఇజ్జత్ కా సవాల్ ఉండదు."

"గట్టిగ పడు," అన్నాను.

"ఫికర్ చెయ్యకు. నేను బరువే ఉన్న."

ఐతవారం పొద్దున ముగ్గురం రైలెక్కాం. పరీక్షలున్నాయని అంజలి ఇంట్లోనే ఉండిపోయింది. నేను సీసా నిండా మజ్జిగ తెచ్చుకున్నాను. మధ్యలో దాహం అన్నాడంటే ఇంకేమీ అడిగే వీలు లేకుండా. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మంత్రం కూడా చదవలేదు. వాగేటప్పుడు విసుగొచ్చే మనిషి, మాట్లాడకపోతే అంతకంటే భయం పుట్టించాడు. ధారూర్ దాటాక ఒకసారి తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కరీం భాయ్ ఎదురుగా కూర్చుని, చెప్పులు పక్కన పెట్టి, కాలు ఎట్లా జారాలో నేల మీద మెల్లగా సాధన చేస్తున్నాడు. నేను కళ్ళెర్రజేస్తే ఆపాడు.

శ్రీహరి దుకాణం రోడ్డు మలుపులో ఉంది. లోపల అద్దాల గది, అందులో మనిషి కంటే ఎత్తు స్టీలు డ్రమ్ములు, వాటికి గొట్టాలు. హైదరాబాద్ కార్లవాళ్ళు నల్ల కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకుని ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు. మా తాండూరు దుకాణం బల్లల మీది పాతవాళ్ళు కొందరు తలుపు పక్కన బెరుకుగా నిలబడి ఉన్నారు. యాదమ్మ వదినె కొత్త చీరలో అందరికీ ముందు నిలబడి, మమ్మల్ని చూసి నా కళ్ళల్లోకి చూడకుండా ఈయన భుజం తట్టింది.

మా ఆయన ముందు చేసిన పని వంగి నేల తడమడం. నీలం తాండూరు బండ, అద్దంలా ఉంది.

"మన యూనిట్‌దే కరీం. మన చేతులకెల్లి పోయింది."

"పట్టు ఉన్నదా? జారుతదా?" అన్నాడు కరీం భాయ్ ఆందోళనగా.

శ్రీహరి కుళాయి తిప్పి పొడుగు గ్లాసు నింపాడు. తేనె రంగు బీరు, మీద బెత్తెడు నురగ. రెండు చేతులతో తెచ్చి మామ చేతిలో పెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. ఫోన్లు లేచాయి. తలుపు దగ్గరి పాతవాళ్ళు కూడా ముందుకొచ్చారు. కరీం భాయ్ నా వైపు ఒకసారి చూసి కుడికాలు ముందుకు వేశాడు.

మా ఆయన గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. వాసన చూశాడు. ఎంతసేపు చూశాడో! ఆయన గొంతులో గుటక కిందికి దిగడం నాకు కనిపించింది. అయిపోయింది అనుకున్నాను. ఇన్నాళ్ళ నా కాపలా, నా అరుపులు, మొక్కులు, అన్నీ ఆ గుటకతో పాటే పోయాయనుకున్నాను.

ఆయన గ్లాసు దించి, నాలుగడుగులు నడిచి గడప దగ్గర కూర్చున్నాడు. సాక పోయబోతున్నాడని అర్థమైంది. మా దిక్కు తాగే ముందు పోయినవాళ్ళను తలచుకుని నేల మీద రెండు చుక్కలు ఒలికిస్తారు, దాన్ని సాక అంటాం. రెండే చుక్కలు. మిగిలిందంతా బతికున్నవాళ్ళదే.

"మా నాయన దేవప్పకు," అని కొంచెం పోశాడు.

"బుగ్గయ్య బావకు." యాదమ్మ వదినె పెనిమిటి పేరది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొగులప్పకు." పక్క బల్ల మీద కూర్చునేవాడు. "అనంతయ్యకు. చిన్న అనంతయ్యకు." తండ్రీ కొడుకులు, ఒకే ఏడాదిలో పోయారు. ఆయన ఆపలేదు. ఒక్కో పేరుకు కొంచెం కొంచెం పోస్తూనే ఉన్నాడు. నీలం బండ మీద నురగ పాకుతోంది. కొన్ని పేర్లు నేను వినలేదు కూడా. ఇంతమంది ఆ బల్లల మీద నుంచి లేచిపోయారని నాకు తెలియదు. గేటు బయట నిలబడి ఆయన ఒక్కడి కోసమే అరిచిన మనిషిని నేను. లోపల ఎవరు తగ్గిపోతున్నారో చూసుకుంటూ ఆయన కూర్చున్నాడు.

"మామా, సాలు మామా," అన్నాడు శ్రీహరి. వాడి ముఖం పాలిపోయింది.

గ్లాసులో ఒక గుక్క మిగిలింది. మా ఆయన దాన్ని పైకెత్తి చూశాడు. ఈసారి ఏ పేరూ చెప్పలేదు. చెప్పకుండానే, మొత్తం వంచేశాడు.

ఎవరి పేరని ఎవరూ అడగలేదు. నేను అడగాల్సిన పనే లేదు. ఆ ఎండాకాలం మొత్తంలో అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు, అంత కోపమూ రాలేదు. బతికున్న మనిషి తనకు తానే సాక పోసుకుంటాడా, అదీ ఇంకొకరి శుభకార్యంలో! జుట్టు పట్టుకుని ఊపాలనిపించింది. పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది.

వెనక ఎవరో గొణిగారు. "బోణి అంత నేలపాలైపాయె గద."

మా ఆయన లేచాడు. "అల్లుడా, ఇంకో గ్లాసు పట్టు," అన్నాడు.

కరీం భాయ్ మళ్ళీ కాలు ముందుకు వేశాడు. శ్రీహరి గ్లాసు తెచ్చిచ్చాడు. మా ఆయన దాన్ని పట్టుకుని, అందరినీ దాటుకుని, నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చెయ్యి నాది. నోరు నీది. తాగు."

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను. జన్మలో ముట్టనిది. చీరకు పిన్ను పెట్టుకుని, అంగన్‌వాడీ టీచర్‌గా నలుగురికీ ఆరోగ్యం చెప్పేదాన్ని. చుట్టూ ఫోన్లు. "నేను తాగుడేంది? నీకు సిగ్గు లేకుంటే నాకు లేదా?"

"కరుణా," అన్నాడు ఎవరికీ వినపడకుండా. "చెయ్యి వణుకుతున్నది. జల్ది తీసుకో."

చూశాను. గ్లాసులో బీరు కదులుతోంది. నురగ అంచు దాటి ఆయన వేళ్ళ మీద పడుతోంది. వేళ్ళు ఆయన నోటికి జానెడు దూరంలో ఉన్నాయి.

లాక్కున్నాను. చిన్నప్పుడు ఆముదం తాగినట్టు కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి గడగడా తాగేశాను. ముక్కుకు నురగ అంటింది. గ్లాసు దించేసరికి అందరూ నా ముఖమే చూస్తున్నారు.

"ఎట్లున్నది అత్తా?" అన్నాడు శ్రీహరి. పాపం, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నాడు.

"మంచిగున్నది," అన్నాను. బోణిలో ఇంకో మాట అనకూడదని మాత్రం నాకు తెలుసు.

యాదమ్మ వదినె గట్టిగా, ఊరు వినేటట్టు, "అయిపాయె బోణి! పోయినోళ్ళు తాగిండ్రు, ఉన్నోళ్ళు తాగిండ్రు. ఇంకేం గావాలె నా కొడుకుకు!" అని అరిచింది. పాతవాళ్ళు ఈల వేశారు. కార్లవాళ్ళు ఏదో అర్థమైనట్టు చప్పట్లు కొట్టారు. కరీం భాయ్ కాలు వెనక్కి తీసుకుని, గోడకు చేరగిలబడి నుదురు తుడుచుకున్నాడు. మా ఆయన తడిసిన వేళ్ళను చొక్కాకు గట్టిగా రుద్దుకుంటున్నాడు. అంత కష్టపడి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా అది.

తిరుగు రైల్లో కరీం భాయ్ ఎక్కగానే నిద్రపోయాడు. మా ఆయన నా మజ్జిగ సీసా తీసుకుని వాసన చూడకుండానే సగం తాగాడు. నాకు కడుపులో కొంచెం వేడిగా, తలలో కొంచెం తేలికగా ఉంది. దాని మీద కూడా విసుగే. ఊరంతా ఏమనుకుంటుందో, సూపర్‌వైజర్ మేడమ్ ఆ ఫొటోలు చూస్తే ఏమవుతుందో అని నా లెక్కలో నేనున్నాను.

"ఎట్లుండె?" అన్నాడు.

"చెప్పిన గద, మంచిగున్నది."

"గది బోణి మాట. నిజం చెప్పు."

"చేదు."

"చేదంటే? కాకరకాయ చేదా, ఏపాకు చేదా?"

"నాకేమెరుక? చేదు చేదే."

"గట్ల చెప్తరానే? నాలిక కొసకు తాకిందా, గొంతుల తాకిందా?"

ఇక ఇంటిదాకా ఇదే గోల అనుకుని, ఒక్కటి అనడానికి ఆయన వైపు తిరిగాను. ఆయన నన్ను ఆటపట్టించడం లేదు. మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని, ముఖం నాకు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. నా అంగన్‌వాడీలో కథ చెప్తానంటే పిల్లలు కూర్చున్నట్టు. మేనల్లుడు ఏడాది పాటు కాచి కాచి కుదిరించింది, తన చేత్తో ఎత్తిచ్చింది, ఆయన ముక్కు దాకానే వచ్చి ఆగిపోయింది. ఇక ఏ లొట్టి అయినా, ఏ గ్లాసయినా ఆయనకు అక్కడికే. దుకాణం దుకాణమంతా నమ్మిన నాలుక, అది ఇక అడిగి తెలుసుకోవాల్సిందే. అడగడానికి ఆయనకు దొరికింది నేను, ఆముదంలా మింగిన మనిషిని. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"మెంతులు," అన్నాను. "ముందుగాల ఏం లేదు, సల్లగున్నది గంతే. మింగినంక ఎనకకెల్లి మెంతుల చేదు వచ్చింది."

"ఆఁ. గట్లనే రావాలె. నురగ?"

"మెత్తగున్నది. అంబలి మీద నురుగు గడ్తది సూడు, గట్ల."

"జొన్నలు తెలిసినయా?"

ఆలోచించాను. "తెలిసినయ్. రొట్టె పెంక మీద జర మాడుతది గద? గా వాసన."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మాడిన జొన్నరొట్టె," అన్నాడు తనలో తాను. "పోరడు మంచిగ చేసిండే. తాటిబెల్లం తెలిసిందా మరి?"

"ఆఖరుకు. కొంచెం. పెదవుల కాడ."

"ఇంకా?"

ఇంకా ఏముంటుంది? ఒక్క ఊపిరిలో గుటుక్కుమనిపించాను. ఇట్లా అడుగుతాడని తెలిస్తే కాసేపైనా నోట్లో నిలుపుకునేదాన్ని కదా! ముందే చెప్పొచ్చు కదా ఈ మనిషి!

"ఇంకా ఏమన్న ఉండెనా కరుణా?"

"జర ఆగయ్యా, యాది చేసుకోనీ!" అని కసిరి, నేనూ కళ్ళు మూసుకుని నాలుక మీద ఇంకేమైనా మిగిలిందేమోనని వెతుక్కున్నాను.